నాయనమ్మ ఎక్కనన్న బండి

టార్నీట్, మెల్‌బోర్న్, ఆదివారం

నాయనమ్మకు నమస్కారాలు. ఇక్కడ నేనూ, లిఖితా, పాపా, కొత్త బండీ క్షేమం.

బండి ఫొటో చూసి "ఆ లారీ నేనెక్కలేను, మెల్‌బోర్నూ వద్దు, టికెట్టు వెనక్కిచ్చేయండి" అన్నావని నాన్న ఫోనులో చెప్పాడు. అది లారీ కాదు నాయనమ్మా. కొండలెక్కి వాగులు దాటగల జీపు లాంటి బండి. ప్రస్తుతానికి పాపను బడికీ, మమ్మల్ని కరివేపాకు దొరికే కొట్టుకీ మోస్తూ వినయంగా కాలం గడుపుతోంది.

నీ మోకాళ్ల కోసం రెండు పీటలు ఒకదానిమీద ఒకటి పెట్టి, మేకులు కొట్టి మెట్టు చేశాను. నాలుగేళ్ల ఇంజనీరింగు చదువుకు నేను చేతులారా చేసిన మొదటి వస్తువు ఇదే. నిన్న గుడి దగ్గర దానికి పరీక్ష పెట్టాను. పక్కింటి వసంత ఆంటీది నీ ఈడే, మోకాళ్లూ నీలాంటివే. "పడ్డానంటే మా అబ్బాయికి నువ్వే సమాధానం చెప్పుకోవాలిరోయ్" అంటూనే పీట మీద కాలు పెట్టి, లోపలి పిడి పట్టుకుని ఒక్క ఊపులో ఎక్కేసింది. ఇంటి ముందు ఆపితే దిగదే! "అందరి కార్ల నెత్తులూ కనబడుతున్నాయిరా, ఇంకో చుట్టు తిప్పు" అంది. మూడు చుట్లు తిప్పాను.

కాబట్టి టికెట్టు జోలికి పోవద్దని నాన్నకు గట్టిగా చెప్పు. మన గడప ఎత్తెంతో కొలిచి చెల్లి చేత రాయించు, పీట అంతకంటే అంగుళం తగ్గిస్తాను. మోకాళ్ల తైలం మర్చిపోకు. చెల్లి పరీక్షలెలా రాసింది? నీ దీవెనలు మాకూ, నాలుగు చక్రాలకూ కావాలి.

ముందు సీటు నీదే. లిఖిత వెనక సీట్లో పాప పక్కకు మారడానికి ఒప్పుకుంది. వసంత ఆంటీ ఇంకా ఒప్పుకోలేదు, త్వరగా రా.

నీ మనవడు, నీ డ్రైవరు
శ్రీకర్