ఓనరమ్మ గుమ్మానికి కట్టిన కాక్టస్

2007 మే 9
కాక్టస్‌కి మళ్ళీ పిండినల్లి పురుగు. దూది స్పిరిట్‌లో ముంచి ఒక్కో ఉండా తుడిచాను. తెల్ల నూగు కింద జిగురు... ఛీ. అయినా తమ్ముడు పోయాక వాడి చేతిది మిగిలింది ఇదొక్కటే. కుండీలో ఇసుకా, ఇటుకపొడీ వాడు కలిపినవే. ఇచ్చినప్పుడు ఒక్క ఉండ. ఇప్పుడు చుట్టూ పిలకలు, అరచేతిలో పట్టదు.

మే 14
గాలి ఇటు తిరిగింది. జవహర్‌నగర్ చెత్తగుట్టల కంపు. కిటికీ చెక్కలు మూస్తే కాక్టస్‌కి ఎండ లేదు, తెరిస్తే మాకు ముద్ద దిగదు. తెరిచే ఉంచాను. ఆయన కంచం పట్టుకుని పడగ్గదిలోకి పోయారు.

మే 20
కింద వాటా ఓనరమ్మ మోటారు సంగతి చెప్పడానికి పైకొచ్చి కిటికీ దగ్గర ఆగిపోయింది. "ఇంట్ల ముండ్ల చెట్టేంది బిడ్డా? అందుకే మా స్వప్నకు ఒక్క సంబంధం కుదురుతలేదు." ఆ పిల్లకి ఏళ్ల తరబడి చూస్తున్నారు. మేం వచ్చిందే మొన్న చలికాలంలో. ఆ మాట అడగలేకపోయాను. నా మీద నాకే రోత.

మే 21
ఆయనతో అంటే — "పారేయరాదూ, ఇంకోటి కొందాం."
ఇంకో తమ్ముణ్ణి కూడా కొనుక్కురండి అన్నాను. అన్నం ముందు నుంచి లేచిపోయారు. పోనీ.

జూన్ 2
మొగ్గలు. నీళ్లు తగ్గించాను. తమ్ముడు అనేవాడు — "జాలిపడి నీళ్లు పోసి చంపకక్కా."

జూన్ 11
ఊరి నుంచి వచ్చాం. కుండీ ఖాళీ. నీళ్లొస్తే పట్టమని ఓనరమ్మకి తాళం ఇచ్చింది నేనే.
కాక్టస్ వాళ్ల గుమ్మానికి తలకిందులుగా వేలాడుతోంది. వేళ్లు పైకి. నల్లదారం, పసుపు, కుంకుమ.
"దిష్టికి కడదామంటే కలబంద దొరకలే బిడ్డా. ముండ్లది ఇంట్ల ఉంటే కీడు గానీ గుమ్మానికుంటే మంచిదే."
మట్టి ఏదండీ అన్నాను.
"మందార చెట్టుకేసిన."
పైకొచ్చి వాంతి చేసుకున్నాను.

జూన్ 15
దింపమన్నాను. "కట్టినంక తియ్యొద్దు." వచ్చే వారం పెళ్లిచూపులట. ఆయనేమో — "అద్దెకున్నవాళ్లం, గొడవెందుకు." పిరికితనానికి ఎన్ని పేర్లో.

జూన్ 23
స్వప్నకి సంబంధం కుదిరింది. అంతా కాక్టస్ మహిమట. లడ్డూ తెచ్చింది. మాడిన నెయ్యి వాసన. మింగాను, సిగ్గులేకుండా.

జూన్ 25
పూసింది. ఆ కుంకుమ మధ్యే, గులాబీ రంగు. ఉండలు మాత్రం ముడుచుకుపోతున్నాయి. ఓనరమ్మ వచ్చేపోయేవాళ్లకి చూపిస్తోంది. పక్కింటావిడకి పిలక కావాలట.

జూన్ 28
ఓనరమ్మ నిశ్చితార్థం బట్టలకి సికింద్రాబాద్ వెళ్లింది. స్టూలు వేసుకుని ఎక్కాను. దారం మీద చెయ్యి పడగానే లోపలి నుంచి స్వప్న. అరుస్తుందనుకున్నాను. కత్తెర తెచ్చి చేతిలో పెట్టింది.
"కొయ్యుండ్రి ఆంటీ. నాకు గీ పెండ్లి వద్దు. గిది ఊడిపడ్డదంటే అపశకునమని అమ్మనే బంద్ జేస్తది."
సరే, తీసుకుపోతాను అన్నాను.
"తీస్కపోవద్దు. దానంతట అదే పడ్డట్టు ఉండాలె. గడప మీద పగిలి ఉంటే అమ్మ నమ్ముతది."
కింద షాబాద్ బండలు. పడితే ముద్దైపోతుంది.
ఒక్క పిలకైనా తీసుకోనా అని అడిగాను. నోట్లోంచి అదే వచ్చింది. ఆ పిల్ల నన్ను చూసిన చూపు — పిండినల్లిని కూడా నేనలా చూడలేదు.
వీధి చివర ఆటో చప్పుడు, ఓనరమ్మదేనేమో. దారం కొయ్యకుండానే దిగిపోయాను.
కత్తెర నా దగ్గరే ఉండిపోయింది. ఎల్లుండి నిశ్చితార్థం.