మళ్ళీ తెరిసిన కొట్టు

మావా,

నువ్వు పోయాక మూసేసిన మన కంచరపాలెం రిపేరు కొట్టు ఇవాళ నానే తెరిశాను. టీ బడ్డీ అప్పన్న హీటరు కాయిలు కాలిపోయిందని తెచ్చాడు.

"వదినా, నువ్వు సెయ్యగలవా?" అన్నాడు.

"కూకో" అన్నాను.

కొత్త కాయిలు చుట్టి స్విచ్చేస్తే రెండొందల ఇరవై వోల్టుల మీద ఐదున్నర యాంపులు లాగింది. నువ్వు నేర్పినట్టే భాగిస్తే నలభై ఓములు, గుణిస్తే పన్నెండొందల పది వాట్లు. హీటరేమో వెయ్యి వాట్లది. తీగ పొట్టిగా కోసేశానని తెలిసి, పొడుగు తీగతో మళ్ళీ చుట్టాను. ఈసారి నాలుగున్నర యాంపులే లాగింది. లెక్క కడితే వెయ్యికి పదే తక్కువ.

"రేపు మా తమ్ముడి నీళ్ళ మోటారు తెత్తాను" అన్నాడు అప్పన్న.

నువ్వు పక్కన లేకుండా మోటారెప్పుడూ చుట్టలేదు మావా. అయినా తెమ్మన్నాను.