స్కానుకు చిక్కని క్యాన్సర్

మార్చి 3, సోమవారం, ఉదయం 11
ప్రోస్టేట్‌లో క్యాన్సరట. సూది గుచ్చి తీసిన ముక్కలో దొరికింది. స్కాన్‌లో మాత్రం కనపడలేదు! తొలి దశేనంది డాక్టర్ ఫ్రెమా. పద్నాలుగున, శుక్రవారం, ఆపరేషన్‌కి చేరాలి. తీర్మానం: ఆకాశం విరిగి మీద పడ్డా చేరతాను.

మార్చి 5
సంచి సర్దేశాను. దుప్పటి, పళ్ల బ్రష్, బైబిలు. కుమాసీ ఊరు మొత్తంలో ఇంత క్రమశిక్షణ గల మగాణ్ణి చూపించండి! రోజూ తినే ఫుఫు ముద్ద కూడా మానేశాను (మధ్యాహ్నం దాకా).

మార్చి 9, ఆదివారం
చర్చిలో నా నేస్తం అంపోఫోకి చెప్పాను.
"మెషీనుకే కనపడలేదా! అదీ ఓ క్యాన్సరేనట్రా?"
నిజమే కదా. కంటికి ఆననిదానికి కత్తెందుకు?

మార్చి 11
పెద్దమ్మ శవం, మా ఆనవాయితీ ప్రకారం, ఆరు వారాలుగా మార్చురీలో ఉంది. అంత్యక్రియలు పద్నాలుగు, పదిహేనుల్లో జరపాలని తేల్చారు. తేల్చిందెవరు? వంశ పెద్ద. అంటే నేనే. ఏం చేస్తాం, బాధ్యత!
నా భార్య సెర్వా ఒంటికాలి మీద లేచింది. "ఏమయ్యా, పోయినావిడ ఆరు వారాలు ఆగింది, ఇంకో రెండు వారాలు ఆగనందా?"
వంశ పెద్దతో మాట్లాడే తీరేనా ఇది?

మార్చి 14
ఆసుపత్రి నుంచి మూడుసార్లు ఫోన్. డప్పుల మోతలో వినపడలేదు. (వినపడింది.)

మార్చి 15
అంత్యక్రియలకు కట్టే ఎర్రంచు నల్లగుడ్డలో నన్ను చూసి ఫోటోగ్రాఫర్ ముచ్చటపడ్డాడు. "పెద్దాయనా, మీ చావు పోస్టరుకి కూడా ఇప్పుడే ఒకటి తీసి ఉంచనా?" తీయించుకున్నాను. దివ్యంగా వచ్చింది.

మార్చి 17
డాక్టరమ్మ పిలిపించింది.
"మనది కనపడని రకం కదమ్మా," అన్నాను.
"స్కాన్‌లో కనపడ్డవాళ్లనీ చూశాం, కనపడనివాళ్లనీ చూశాం పెద్దాయనా. చివరికి పెద్ద తేడా లేదు. మీరు తొందరగా వస్తారా లేదా, అదే ముఖ్యం."
భయమేసింది. కొత్త తేదీ: ఇరవై ఎనిమిది.

మార్చి 20, ఉదయం 7
మా ఇంటి గోడ మీద నా పోస్టరు! నిలువెత్తు ఫోటో. "క్వాకు అద్దాయ్, వయసు 63, ధన్యజీవి." అంత్యక్రియల తేదీ దగ్గర ఖాళీ.
"ఇరవై ఎనిమిదిన ఆసుపత్రి మంచం మీద లేకపోతే ఆ తేదీ నేనే నింపుతా," అంది సెర్వా. "మిగతా ఏర్పాట్లు వంశ పెద్దవి, నువ్వే చూసుకో."
పోస్టరు చూసి ఏడుస్తున్న అంపోఫో, గుమ్మంలో నన్ను చూసి పరుగందుకున్నాడు.

సాయంత్రం 5
తీర్మానం: చేరతాను. సంచి మళ్లీ సర్దాను.

సాయంత్రం 6
ఇరవై ఎనిమిదిన చిన్నమామయ్య అంత్యక్రియలట. వంశ పెద్దని, నేను లేకపోతే ఎలా? సెర్వాని ఒక్క మాట అడుగుదామని వంటింట్లోకి వెళ్లాను. ఆమె చేతిలో పెన్ను ఉంది.
అడగలేదు.