అన్నయ్య పట్టుకుపోయిన గిన్నె

అమ్మా, నేను కులాసా. పస్తులుంటున్నానని అన్నయ్య నీకు రాసింది నమ్మకు.

నిన్న సాయంత్రం నా గదికొచ్చి, "ఒక్కదానివి ఏం వండుకు తింటావే, మా ఇంటికి పద" అన్నాడు. పొద్దున టైలర్ షాపులో పనికి వెళ్తూ, రోజంతా సన్నసెగన ఉడికించే స్లో కుక్కర్లో పెట్టిన బేక్డ్ బీన్స్, అదే చిక్కుడు గింజల కూర, వడ్డించాను. మొదటిసారి చేసినప్పుడు టమాటా ముందే వేసేసరికి గింజ ఉడకక, నమిలి నమిలి దవడలు నొప్పెట్టాయి. అయినా వాళ్లింటికి పోలేదు. ఇప్పుడు గింజలు మెత్తగా ఉడికించాకే టమాటా, బెల్లం కలిపి కుక్కర్లో పెడుతున్నాను. "బజార్లో కొన్న డబ్బాలోవేగా" అంటూనే మారు వడ్డించుకున్నాడు. మిగిలింది వదినకని గిన్నెతో సహా పట్టుకుపోయాడు.

తినడానికేమీ పంపకు. నా పెద్ద కత్తెర పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? ఆయనకు నమస్కారాలు.

నన్ను తీసుకెళ్లడానికి అన్నయ్య మళ్లీ వస్తే ఆ గిన్నె తెమ్మను. నింపి పంపుతాను.

నీ చిన్నది