ఐదు నల్ల తీగలు

సూర్యాపేట,
మంగళవారం.

ప్రేమగల అమ్మకు, నీ పెద్దబిడ్డ కృపారాణి వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను కులాసా. మిర్యాలగూడలో నువ్వూ చెల్లీ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో చెబుదామంటే నీకు సగం మాటలు వినబడవు, నేను అరిచేసరికి మొత్తం మన పక్కింటి శాంతమ్మకు వినబడతాయి. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. అన్నం వేళకే తింటున్నాను. హాస్టల్ సాంబారు నీళ్లలాగే ఉంది, అయినా తింటున్నాను. "ఇంకా కౌంటర్ల ఫోన్ కవర్లే అమ్మిస్తున్నరా, మరి ఐటీఐ ఎందుకు చదివినవ్?" అని రాశావు కదా, దానికి మాత్రం పెద్ద జవాబుంది.

నిన్న మా ఫోన్ల షాపు ఓనరు శ్రీనివాస్ సారు నన్ను కోదాడ తీసుకెళ్లారు. అక్కడొక దవాఖానవాళ్లు ఊళ్లు తిరిగే వ్యాన్ చేయించుకున్నారు. వ్యాన్లో నర్సు ఉంటుంది, డాక్టరు హైదరాబాదులో కూర్చుని తెరమీద రోగిని చూస్తాడు. దానికి సిమ్ వేసే రౌటర్ బిగించాలి. పైకప్పు మీది యాంటెన్నా నుంచి ఐదు తీగలు లోపలికి రావాలి. రెండు సిమ్ సిగ్నల్‌వి, రెండు వైఫైవి, ఒకటి బండి ఎక్కడుందో చెప్పే జీపీఎస్‌ది. "ఇది మంచిగ చేస్తె ఫిట్టర్‌వి, లేకుంటె మళ్ల కౌంటరే" అని సారు ముందే చెప్పారు.

తీగలు లోపలికి లాగి చూస్తే ఒక్కదాని మీదా పేరు చీటీ లేదు. ఐదూ నలుపే, ఒకే లావు. తప్పుగా తగిలిస్తే పెట్టెలో లైట్లు వెలుగుతాయి కానీ ఊరు దాటగానే డాక్టరు మాయమవుతాడు. నాలుగింటికి వ్యాన్ నేరేడుచర్ల పోవాలి. అప్పటికే రెండున్నర.

"చీటీలేవి?" అన్నారు సారు.

"యాంటెన్నా కంపెనీవాళ్లు అంటించలేదు సార్."

"మరి నీతోని అయితదా? కాకుంటె ఇప్పుడే చెప్పు, వేరేటోళ్లను పిలుస్త."

"అయితది సార్" అన్నాను.

ఒక్కో తీగ కొసను వెలుగులో పెట్టి చూశాను. మూడింటి మధ్యలో సన్నటి సూది ఉంది, రెండింట్లో ఉత్త రంధ్రమే. రౌటర్ వైఫై సాకెట్లలోనేమో సూది ఉంది. అంటే ఆ రంధ్రాల తీగలు రెండూ వైఫైవే. మిగిలిన మూడింటికి మీటర్ పెట్టాను. రెండు ఏమీ చూపించలేదు, మూడోది అంకె చూపించింది. జీపీఎస్ యాంటెన్నా లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది, ఇదే అయ్యుంటుందని తగిలించాను. కాసేపటికి మ్యాప్ మీద కోదాడలో మా చుక్క వెలిగింది. అమ్మా, నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మిగతా రెండూ సిమ్‌వి. ఒక్కొక్కటే తగిలించి చూశాను, సిగ్నల్ నిండుగా ఉంది.

నాలుగుకు పది నిమిషాల ముందే వ్యాన్ కదిలింది. సారు, నేను కూడా ఎక్కాం. పొలాల మధ్యకు వచ్చాక నర్సు ప్రమీల డాక్టరుకు వీడియో కలిపింది.

"ఆయన కళ్లజోడు మీద మరక కూడా కనపడతంది కృపా" అంది.

ఆ వ్యాన్లో నా అంత గొప్పవాళ్లు ఇంకెవరూ లేరనిపించింది.

ఇప్పుడు నీతో ఒక నిజం చెప్పాలి. కంపెనీవాళ్లు చీటీలు అంటించే పంపారు. పైకప్పు నుంచి తీగలు దింపే పైపు ఇరుకై అవి దిగకపోతే, బిగుతు గాజులకు నువ్వు చేసినట్టే, బ్యాగులోని కొబ్బరినూనె తీసి తీగలకు దట్టంగా పూశాను. తీగలు సర్రున దిగాయి, చీటీలు పైపులోనే ఊడిపోయాయి. పని పోతుందన్న భయంతో తప్పు కంపెనీ మీదికి తోశాను. గెలిచాక అది మరీ గుచ్చుకుంది. సూర్యాపేట బస్సులో సారుకు చెప్పేశాను.

"నాకు తెల్వదనుకున్నవా? తీగ పట్టుకుంటె చెయ్యి జారింది. బండంత కొబ్బరినూనె వాసన. చెప్తవా లేదా అని సూస్తున్న" అన్నారు. బస్సు టికెట్లు జేబులో పెట్టుకుంటూ, "ఇగ నూనె వద్దు, పౌడర్ రాయి. కౌంటర్ల వేరే పిల్లను పెడుతున్న. వచ్చే సోమవారం మిర్యాలగూడల ఇంకో వ్యాన్ ఉంది, ఒక్కదానివే పోయి చేసి రా" అన్నారు.

అందుకే సోమవారం సంచి భుజాన వేసుకుని మన ఊరికి పనిమీద వస్తున్నాను.

ఇట్లు,
నీ బిడ్డ,
ఫిట్టర్ కృపారాణి