ముప్ఫై నొక్కుల తగువు

మార్కులు వెయ్యడంలో చుట్టరికం చూడని మరిదికి వదిన రాసేది,

నీతో మాట్లాడకూడదని నిన్ననే నిర్ణయించుకున్నాను. అందుకే రాస్తున్నాను. ఒకే ఆసుపత్రిలో నేను ఆడవాళ్ళ వార్డుకి పెద్ద సిస్టర్ని, నువ్వు వెనక భవనంలో నర్సులకి పాఠాలు చెప్పే మాస్టారివి. చెప్పుకో, వద్దన్నానా? కానీ గుండె ఆగిన మనిషిని బతికించడం నాకు రాదని తేల్చి, ఫెయిలైనవాళ్ళ పేర్లలో నా పేరు పైన పెట్టి నోటీసు బోర్డుకి అంటిస్తావా? నేను ఉద్యోగంలో చేరేనాటికి నీకు బూట్ల తాడు ముడివెయ్యడం కూడా రాదు.

ఛాతీ ఎన్నిసార్లు నొక్కి రెండు ఊపిర్లు ఇవ్వాలని అడిగావు. మాకు నేర్పినట్టే పదిహేను అని రాశాను. ముప్ఫై అని కొట్టేశావు. ఈమధ్య మనుషుల గుండెలు గానీ మారాయా? మానిటర్ మీద గీత చదునుగా సాగితే ఏం చెయ్యాలన్నావు. షాక్ ఇవ్వాలని రాశాను. పడుకున్న గీతని లేపడానికి కాకపోతే ఆ యంత్రం ఎందుకు, పటం కట్టించుకోవడానికా?

ఇట్లు,
ఇప్పటికైతే నీ వదినే.

తా.క.: బొమ్మ మీద పెట్టిన పరీక్షలో ‘రోగిని పలకరించలేదు’ అని మార్కులు కోశావు. ఆ రబ్బరు మనిషికి నడుము కింద ఏమీ లేదు. అలాంటివాణ్ణి పట్టుకుని ‘బాగున్నారా’ అని అడగడం మర్యాద కాదనిపించింది.

* * *

ఆడవాళ్ళ వార్డు పెద్ద సిస్టరుగారికి శిక్షణ విభాగం నుంచి నమస్కారాలు.

మీ అభ్యంతరాలు అందాయి. గుండె మారలేదు, పద్ధతి మారింది. నొక్కడం ఆపినప్పుడల్లా మెదడుకి రక్తం అందదు కాబట్టి ఎక్కువ నొక్కి తక్కువ ఆపమంటున్నారు. ఇక షాక్ అనేది చదును గీతకి కాదు. లయ తప్పి గిలగిల్లాడుతూ రక్తాన్ని తొయ్యలేని గుండెకి. గీత చదునుగా ఉంటే నొక్కుతూ మందివ్వడమే.

మీరొక్కరే కాదు, పరీక్ష రాసినవాళ్ళలో సగంమంది ఇలాగే రాశారు. ఒకసారి నేర్చుకుని ఏళ్ళ తరబడి చేతులు పెట్టకపోతే ఎవరైనా మరిచిపోతారు. ఏటా నేర్పకపోవడం ఆసుపత్రి తప్పు. త్వరలో మళ్ళీ పరీక్ష పెడతాం. ఈలోగా ఇంట్లో గట్టి దిండు మీద సాధన చెయ్యండి. మనుషుల మీద వద్దు.

ఇట్లు,
శిక్షణాధికారి.

తా.క.: వదినా, సోమవారం నుంచి నాకు క్యారేజీ రావడం లేదు. ఇది ఆఫీసు సంగతి కాదు.

* * *

నాకు మతిమరుపని ఆఫీసు కాగితం మీద రాసిచ్చిన మరిదికి,

‘మరిచిపోతారు’ అన్నమాట చదివాక నాకు అన్నం సయించలేదు. ముసలిదాన్నయ్యానని సూటిగా రాయకూడదూ?

నువ్వు పాఠం చెప్పే పుస్తకం అట్టనుంచి అట్టదాకా చదివాను, నేర్చుకోవడానికి కాదు, తప్పులు పట్టడానికి. పట్టాను కూడా. ‘ఊపిరి’ అని ఉండాల్సినచోట ‘ఉప్పిరి’ అని అచ్చయింది. ఇంకేమీ దొరకకపోవడం నా ఖర్మ.

దిండు నొక్కుతుంటే మీ అన్నయ్య వచ్చి, “ఎవరి మీద కోపం?” అన్నారు.

“మీ తమ్ముడి మీద.”

“అయితే మోచేతులు వంచకుండా నొక్కు. అలా వంచి నొక్కితే వాడికి తగలదు,” అన్నారు. ఆ ముక్క నీ పుస్తకంలోనూ ఉంది. అన్నదమ్ములిద్దరూ ఒక్కటే.

ఇట్లు,
మతి ఉన్న వదిన.

తా.క.: ఖాళీ కడుపుకి క్యారేజీ ఇవ్వాలని నీ పుస్తకంలో ఎక్కడా లేదు. వెతికాను.

* * *

మరిదికి,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఇవాళ పొద్దున కిటికీ పక్క మంచం మీది అమ్మాయి, ఆ బట్టలు కుట్టే అమ్మాయి, దువ్వెన అడిగింది. తీసి ఇచ్చేలోగా పక్కకి వాలిపోయింది. “అమ్మాయ్, వినపడుతోందా?” అని భుజాలు తట్టాను. పలకలేదు. ఊపిరి లేదు, నాడి లేదు. కేకేసి మనుషుల్ని పిలిచి నొక్కడం మొదలుపెట్టాను.

పదిహేను దగ్గర నా చేతులు వాటంతటవే ఆగబోయాయి. సరిగ్గా అప్పుడు నీ పాడు గొంతు గుర్తొచ్చింది. ఆపలేదు. నిన్ను తిట్టుకుంటూ ముప్ఫైదాకా నొక్కాను, జతగా ఉన్న నర్సు ఊపిరి ఇచ్చింది, మళ్ళీ నొక్కాను. యంత్రం వచ్చింది. గీత గిలగిల్లాడుతోంది. అందర్నీ దూరం జరగమని షాక్ ఇచ్చి, తెర వంక చూస్తూ నిలబడకుండా మళ్ళీ నొక్కాను. కాసేపటికి ఆ పిల్ల నా చెయ్యి తోసేసింది. ఎవరైనా నన్ను తోసేస్తే అంత సంతోషం కలుగుతుందని నాకు తెలియదు.

వాంతులతో ఒంట్లో పొటాషియం పడిపోయిందని డాక్టరుగారు మందు ఎక్కించారు. ఇప్పుడు మాట్లాడుతోంది. నేను మాత్రం దుప్పట్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని కూర్చున్నాను. మడతపెట్టి ఉన్న దుప్పట్లన్నీ విప్పి మళ్ళీ మడతపెట్టాను.

నువ్వు చెప్పిందే నిజమైనందుకు నీ మీద కోపం రెట్టింపైంది.

ఇట్లు,
వదిన.

తా.క.: క్యారేజీ పంపుతున్నాను. ఇది క్షమాపణ అనుకోకు. వంట మిగిలింది.

* * *

ప్రాణదాత వదినకి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మా విభాగమంతా మీ గురించే మాట్లాడుకుంటోంది. ఇంతలో ఒక చిక్కు వచ్చిపడింది. ఆ అమ్మాయి మీ మీద ఫిర్యాదు రాసిచ్చింది. పక్కటెముక చిట్లిందట. అంతకన్నా పెద్ద నేరం, షాక్ ఇచ్చేముందు తన కొత్త జాకెట్టుని నడిమధ్యకి కోసేశారట. “కుట్టు వెంబడి కోస్తే మళ్ళీ అతుక్కునేది. కత్తెర పట్టడం రానివాళ్ళకి వార్డు ఎలా ఇచ్చారు?” అని రాసింది.

విచారణకి నన్నే వేశారు. ఎప్పటిలాగే చుట్టరికం చూడను.

ఇట్లు,
మరిది.

తా.క.: గట్టిగా నొక్కినప్పుడు ఎముక చిట్లడం మామూలేనని ఆమెకి నచ్చజెబుతాను. క్యారేజీలో ఉప్పు లేదు. అది కూడా కోపమేనా?

* * *

విచారణాధికారిగారికి,

ప్రాణం పోసినందుకు నా మీద ఫిర్యాదా? ఆ పిల్ల ఇంటికి వెళ్ళిపోయి నెల దాటినా నీ విచారణ తేలలేదు. తిక్కరేగి నిన్న నేనే దాని కుట్టు దుకాణానికి వెళ్ళాను, ప్రాణం ఎక్కువా జాకెట్టు ఎక్కువా అని కడిగేద్దామని.

వెళ్ళేసరికి మిషను కింద మోకాళ్ళ మీద కూర్చుని చక్రానికి బెల్టు ఎక్కిస్తున్నావు. నన్ను చూసి “విచారణ, వదినా” అన్నావు. మూతికి నూనె మరక.

“ఫిర్యాదు ఎప్పుడో వెనక్కి తీసుకున్నానండి. అయినా వస్తూనే ఉన్నారు,” అంది ఆ పిల్ల, తల వంచుకుని. నువ్వు దారం తెస్తానని జారుకున్నావు. మీరిద్దరూ పెళ్ళి మాట అనుకున్నారని అప్పుడు చెప్పింది. చుట్టరికం చూడనన్న పెద్దమనిషివి, ఏకంగా కలుపుకున్నావన్నమాట.

“ఆ రోజు కళ్ళు తెరిచేసరికి మీరు నన్ను తిడుతున్నారండి. అందుకే ఉక్రోషంతో రాసిచ్చాను,” అంది.

“నిన్ను కాదే తల్లీ, వాణ్ణి,” అన్నాను. చిట్లిన ఎముక పట్టుకుని మరీ నవ్వింది. తర్వాత, “నా తరఫున మాట్లాడ్డానికి ఎవరూ లేరండి. అమ్మానాన్నా పోయారు,” అంది.

అక్కడే తేల్చేశాను. మీ అన్నయ్య నీ వైపు పెద్దగా ఉంటారు, ఉండనీ. నేను నీ వైపు కాదు. ఆ పిల్ల రెండోసారి పుట్టింది నా చేతుల కింద. అంటే దాని పుట్టిల్లు నేనే. అమ్మాయి కావాలంటే ఆదివారం శుభ్రంగా ముఖం కడుక్కుని వచ్చి నన్నడుగు. ఇచ్చేదీ లేనిదీ ఆలోచించి చెబుతాను.

ఇట్లు,
కాబోయే అత్తగారు.

తా.క.: ఆగిన గుండెని నడిపించడం నువ్వు నేర్పావు, కాదనను. నా పిల్ల కంట నీరు పెట్టించావంటే మాత్రం, నడుస్తున్న గుండెని ఆపడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.