గోడ సంగతి చివర్లో

ఆర్తెమోనా, సిఫ్నోస్ దీవి
జూన్ 19, 1976

సీమోస్‌కి,

నీ జంబేత రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్తయ్య, నేను, గాడిద, మూడు పిల్లులు అందరం క్షేమం. నీ ఓడ ఏ నీళ్ళ మీదున్నా నువ్వూ క్షేమంగా ఉండి, వేళకు తింటున్నావని తలుస్తాను. డర్బన్ నుంచి వేసిన ఉత్తరం నెల్లాళ్ళకు చేరింది. అత్తయ్యకు చదివి వినిపిస్తూ దాటేయాల్సిన వాక్యాలు దాటేశాను. "రెండు వైపులా నిండా రాశాడు, ఇంతలోనే అయిపోయిందేం పిల్లా?" అని అడిగింది.

నువ్వడిగినవాటికి జవాబులు. గాడిద గిట్ట మానింది, పొగరు మానలేదు. వాననీటి తొట్టి సగానికి పైగా ఉంది, దానికి సున్నం నేనే వేశాను. నీ చొక్కాలకు పురుగు పట్టలేదు. గోడ ఎలా ఉందని ఇప్పటికి మూడోసారి అడిగావు. గోడ సంగతి చివర్లో చెబుతాను.

ముందు అసలు కబురు. నిలబడి చదువుతుంటే కూర్చో. మా నాన్న వచ్చాడు.

అవును, ఆయనే. "ఆ ఓడవాణ్ణి చేసుకుని, రాళ్ళూ శనగలూ తప్ప ఏమీ లేని దీవిలో పడి ఉండు" అని ఆరేళ్ళ కిందట తలుపేసుకున్న మేస్త్రీ లాంబ్రోసే. పోయిన శనివారం ఓడ దిగి, రేవు దగ్గరే గది తీసుకుని, బస్సు డ్రైవరు చేత కబురు పంపాడు. పరుగెత్తాను. అమ్మ పోయాక బాగా చిక్కాడు సీమోస్, కోటు భుజాల మీద నిలవడం లేదు. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా?

"డాక్టరు సముద్రపు గాలి తగలాలన్నాడు. నేను టూరిస్టుని. మీ ఇంటికి రాను. రేపు ఖాళీగా ఉంటే నాలుగు చోట్లు చూపించు."

"సరే, టూరిస్టుగారూ" అన్నాను. ఏడుపు గొంతులోనే మింగాను. మంగళవారం ఓడకు తిరిగి వెళ్ళిపోతానన్నాడు. ఆలోగా ఆయన మన గడప తొక్కుతాడా లేదా అన్నదే ఇక నా బెంగంతా.

ఆదివారం చర్చి అయ్యాక రాత్రంతా ఊరి పొయ్యిలో ఉడికిన మన శనగల కుండ తీసుకుని, సగం అత్తయ్యకు ఉంచి, సగం డబ్బాలో పోసి, నిమ్మకాయలూ రొట్టే పట్టుకుని బయలుదేరాను. ఇద్దరం కాస్ట్రో ఊరి వైపు మెట్లదారిన నింపాదిగా దిగాం. గాలి లేదు. దారంతా వాము మొక్కల వాసన. తొందరపడే పని ఏదీ లేకుండా ఈ దారిన నడిచి ఎన్నేళ్ళయిందో. రోజూ కళ్ళెదుట ఉన్నదాన్ని చూడటం మానేస్తాం కదా, ఆ రోజు నేనూ కొత్తగా చూశాను. ఆకాశం వైపు మెట్లుమెట్లుగా ఎక్కిపోయే మళ్ళూ, వాటి మధ్య తెల్లటి పావురాల గూళ్ళూ, కింద నీలంగా సముద్రం. ఇంత అందమైన చోట కాపురం పెట్టినందుకు నిన్ను ఆ రోజు మనసులో చాలా మెచ్చుకున్నాను.

అందరూ సముద్రం చూస్తారు. మా నాన్న గోడలు చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ, పది అడుగులకోసారి ఆగి, పొలం గోడ మీద అరచెయ్యి పెట్టి గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు. "మట్టి లేదు, సున్నం లేదు. కొండ మొత్తాన్ని ఉత్త చేతులతో పేర్చారు. పిచ్చివాళ్ళు" అన్నాడు. పిచ్చివాళ్ళు అన్నది ఆయన నోట ఎంత పెద్ద మెప్పో నాకు తెలుసు. ఏథెన్స్‌లో సిమెంటు పోసి పోసి తన చేతులకు మతి పోయిందన్నాడు.

రాతి గుట్ట మీది చిన్న చర్చి కింద, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు. శనగలు తిన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి అడక్కుండా డబ్బాయే లాక్కుని రొట్టెతో అడుగు తుడిచాడు.

"రాళ్ళూ శనగలూ తప్ప ఏమీ లేవు కదా నాన్నా" అన్నాను.

"ఉప్పు కాస్త తక్కువైంది" అన్నాడు, డబ్బా నాకిస్తూ.

తిరిగి వచ్చేటప్పుడు కావాలనే మన పొలం కిందుగా తీసుకొచ్చాను. బాదం చెట్ల కింద గోడ దగ్గర ఆగాడు. చెయ్యి పెట్టాడు. ఈసారి తట్టలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ళు ఆనించి నడిచాడు.

"ఎవరు కట్టారిది?"

"సీమోస్" అన్నాను. నీ మీద ఆయనకు మంచి అభిప్రాయం కలిగే అవకాశం అదొక్కటే అనిపించింది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అబద్ధం ఆడకు. పొద్దున్నుంచి మీ దీవి గోడలే చూస్తున్నా. ఇక్కడ సందుల్లో రాతిముక్కలు ముందు నుంచి కొడతారు. వెనక నుంచి పెట్టేది మా సొంతూరి కొండల్లో. అక్కడ కూడా ఇంకెవరూ మిగల్లేదు. ఏదీ, చేతులు చూపించు."

చూపించాను. సగం విరిగిన గోరూ, మణికట్టు మీది మచ్చా చూశాడు.

ఇదీ సీమోస్, మూడు ఉత్తరాలుగా దాచింది. నువ్వు రెండు నెలల సెలవంతా వెచ్చించి కట్టిన గోడ జనవరి వానకు పడిపోయింది. పునాది దాకా జారి, రాళ్ళన్నీ కింది మడిలో పడ్డాయి. నువ్వు ఎంత మురిసిపోయావో చూసినదాన్ని, ఎలా రాయను? ఎవర్నీ పిలవలేదు. చిన్నప్పుడు నాన్న వెనక ఒళ్ళో రాతిముక్కలు మోసినదాన్ని, చేతులకే గుర్తొచ్చింది. మార్చి దాకా పట్టింది. కాపలా ఉండి, దారిన పోయేవాళ్ళని కబుర్లలో పెట్టింది అత్తయ్య. మేమిద్దరం నిన్ను మోసం చేశాం. కోపం వస్తే సగం ఆమె మీద పడు.

నాన్నకు అంతా చెప్పాను. నీ గోడ ఎందుకు పడిందని అడిగాడు, ఒక్క సందు లేకుండా బిగించావని చెప్పాను. ఆయన నవ్వాడు సీమోస్. అమ్మ పోయాక మొదటిసారి అనుకుంటా.

"ఓడవాడు కదా, నీళ్ళు లోపలికి రాకుండా చూడ్డమే తెలుసు. గోడకి నీళ్ళు బయటికి పోనివ్వాలి. రాళ్ళు మాత్రం మంచివి ఏరాడు. వాడికి రాశావా?"

"లేదు."

"రాయి. నేను కట్టినవి ఎన్ని పడ్డాయో నీకేం తెలుసు? మీ అమ్మకు తెలుసు."

ఇంతలో అత్తయ్య పైనుంచి కేక వేసింది. "అన్నయ్యగారూ, గోడను పరామర్శించడం అయితే పైకి రండి, కాఫీ పొంగిపోతోంది. రాకపోతే నేనే కిందికి మోసుకొస్తా, నా మోకాళ్ళ పాపం మీకే తగులుతుంది."

ఆయన టోపీ సర్దుకున్నాడు. "టూరిస్టులకి కాఫీ ఇస్తారేమో చూద్దాం" అని మెట్లెక్కాడు. గడప దగ్గర ఆగి, తలుపు పక్క రాయి మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికి వచ్చాడు. నేను వెనక నిలబడి ఏడ్చాను, ఈసారి మింగలేదు.

మంగళవారం ఓడ వెళ్ళిపోయింది, ఆయన వెళ్ళలేదు. నిన్నటిదాకా నీ మంచం మీదే పడుకున్నాడు. అత్తయ్యతో పేకాడి ఓడి, ఆమె దొంగాట ఆడుతోందన్నాడు. అది నిజమే.

నిన్న పొద్దున ఓడెక్కబోయే ముందు గోడ దగ్గరికి వెళ్ళి, పై వరుసలో మూల మీది పెద్ద రాయిని ఊడదీసి కింద పెట్టాడు. "బాగానే కూర్చుంది కదా నాన్నా, ఎందుకు తీశావు?" అన్నాను.

"ఉండనీ. ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "మా అల్లుడు వచ్చి పెడతాడు."

ఆ రాయి అక్కడే ఉంది సీమోస్. త్వరగా రా.

ఇట్లు,
మేస్త్రీ లాంబ్రోస్ కూతురు,
నీ భార్య
జంబేత